నోటర్ డేమ్ ఎందుకు ఆగిపోయింది, అలబామా ఎలా లోపలికి వెళ్లింది?

తమ్ముడూ, నువ్వు ఒకటే ప్రశ్న అన్నావు గానీ అందులో మూడున్నాయి. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ 2025 సీజన్‌లో 10 గెలిచి 2 ఓడిన నోటర్ డేమ్‌ను బయటే ఉంచి, 3 ఓడిన అలబామాను ప్లేఆఫ్‌కి ఎలా తీసుకున్నారన్నది మొదటిది. నోటర్ డేమ్ లాగే 10–2తో ఉన్న మయామి, చివరి వారాంతం ఆటే లేకుండా దాన్ని ఎలా దాటేసిందన్నది రెండోది. మూడోది టెక్సస్‌లో నువ్వు చదువుకుంటున్న డెంటన్ ఊరి జట్టు సంగతి. 12 ఆటల్లో 11 గెలిచిన మన నార్త్ టెక్సస్‌కి, ఆ తర్వాత ఒక్క ఆట పోగానే తలుపులు మూసుకుపోయాయి, ఇదేం న్యాయం అని అడిగావు.

నేనూ 2003లో డెంటన్‌లోనే ఎంఎస్‌లో చేరాను. ఆట నియమాలు తెలియకుండానే అప్పటి ఫౌట్స్ ఫీల్డ్‌లో కూర్చుని, పక్కవాళ్లు లేచినప్పుడల్లా లేచి చప్పట్లు కొట్టాను. ఆ ఏడాది కూడా మనవాళ్లే తమ లీగ్ సన్‌బెల్ట్‌లో ఛాంపియన్లు. అప్పటి నుంచి ప్రతి డిసెంబర్‌లోనూ ఈ వాదన వింటున్నాను, నేనూ వాదిస్తున్నాను. అందుకే కొంచెం పెద్దగానే రాస్తాను.

మనకు ఐపీఎల్ అలవాటు. 10 జట్లు, ఒక్కోదానికి 14 మ్యాచ్‌లు, పాయింట్ల పట్టిక, పాయింట్లు సమానమైతే నెట్ రన్‌రేట్. పై నాలుగు జట్లు ప్లేఆఫ్‌కి వెళ్తాయి. ఫలానా జట్టు వెళ్లాలా వద్దా అని ఎవరూ గదిలో కూర్చుని తేల్చాల్సిన పని లేదు. కాలేజీ ఫుట్‌బాల్‌లో 2025లో పై స్థాయిలోనే 136 జట్లున్నాయి. ఒక్కోటి రెగ్యులర్ సీజన్‌లో ఆడేది 12 ఆటలు. చాలా జట్లు కాన్ఫరెన్స్‌లనే లీగ్‌లలో ఉంటాయి. బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో 18 జట్లు, ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్స్‌లో 16. ఒకే కాన్ఫరెన్స్‌లో ఉన్న జట్లు కూడా అన్నీ ఒకదానితో ఒకటి ఆడలేవు. నోటర్ డేమ్ అయితే ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేదు, తన ఆటలు తనే కుదుర్చుకుంటుంది. కాబట్టి 10–2 అన్న అంకె ఒక్కో చోట ఒక్కో బరువు తూగుతుంది. ఆ బరువు తూచడానికే కమిటీ పెట్టారు.

కమిటీలో 13 మంది. యూనివర్సిటీల అథ్లెటిక్ డైరెక్టర్లు, పాత కోచ్‌లు, పాత ఆటగాళ్లు, ఇంకొందరు. మన విమానాలు దిగే డాలస్ డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టు పక్కనే, గ్రేప్‌వైన్‌లో ఒక పెద్ద హోటల్‌లో కూర్చుంటారు. నవంబర్ మొదటి వారాల నుంచి ప్రతి మంగళవారం 25 జట్ల ర్యాంకింగ్ ఇస్తారు. చివరిది డిసెంబర్ మొదట్లో, కాన్ఫరెన్స్ ఫైనల్స్ అయిన మర్నాడు ఆదివారం వస్తుంది. 25 పేర్లూ ఒకేసారి రాసేయరు. కొన్ని జట్లను ఒక గుంపుగా తీసుకుని రహస్యంగా ఓటు వేసి, పై స్థానాల్లో వచ్చినవాటిని జాబితాలో పెట్టి, మళ్లీ ఇంకో గుంపు తీసుకుంటారు. తనకు సంబంధం ఉన్న స్కూల్ గురించి చర్చ వస్తే ఆ సభ్యుడు బయటికి వెళ్లిపోవాలి. ఈ పద్ధతిలో నాకు పెద్ద తప్పు కనబడదు. తప్పు ఎక్కడుందంటే, వాళ్లు ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారన్న దానిలో ఉంది.

ప్రశ్నలు రెండున్నాయి. ఈ సీజన్‌లో ఎవరు ఎక్కువ సాధించారు? రేపు ఆడితే ఎవరు గెలుస్తారు? మొదటిది జరిగిపోయిన దాని గురించి, రెండోది జరగబోయే దాని గురించి. కమిటీ నియమాల్లో రాసుకున్నది ‘బెస్ట్’ జట్లను ఎంచాలని. రెండు జట్లు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు కాన్ఫరెన్స్ టైటిల్, ఆడిన జట్ల బలం, ఒకదానితో ఒకటి ఆడి ఉంటే ఆ ఫలితం, ఇద్దరూ ఆడిన ఉమ్మడి ప్రత్యర్థులు, ఇవి చూడాలి. ముఖ్యమైన ఆటగాళ్లకు గాయాలైతే అదీ లెక్కలోకి తీసుకోవచ్చు. ఇన్ని తూకపురాళ్లు చేతిలో ఉన్నప్పుడు ఒక ఏడాది ఒక రాయి, మరో ఏడాది మరో రాయి వాడేస్తారు. జనం కోపమంతా అక్కడే.

నాకు ఈ విషయం నిజంగా మనసుకు తగిలింది 2023లో. ఫ్లోరిడా స్టేట్ 13 ఆటలు ఆడి 13 గెలిచింది. ఏసీసీ అనే పెద్ద కాన్ఫరెన్స్‌కి ఛాంపియన్. నవంబర్ 18న నార్త్ అలబామాతో ఆటలో క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు దాడిని నడిపించే ఆటగాడు, జోర్డాన్ ట్రావిస్ కాలికి పెద్ద గాయమై సీజన్ అయిపోయింది. ఆయన లేకుండానే ఫ్లోరిడాను 24–15తో, ఏసీసీ ఫైనల్లో లూయివిల్‌ను 16–6తో ఓడించారు. అప్పటికి నాలుగు జట్లకే చోటు. మిషిగన్, వాషింగ్టన్ తర్వాత ఒక్కో ఓటమి ఉన్న టెక్సస్, అలబామాలను తీసుకుని ఫ్లోరిడా స్టేట్‌ను ఐదో స్థానంలో ఆపేశారు. పెద్ద కాన్ఫరెన్స్ ఛాంపియన్ అయి, ఒక్క ఓటమీ లేని జట్టును ప్లేఆఫ్ నుంచి తప్పించడం అదే మొదటిసారి. ట్రావిస్ ఆ రోజు ఎంత బాధపడ్డాడంటే, నా కాలు ఇంకా ముందే విరిగి ఉంటే మా జట్టు నేను లేకుండా ఎలా ఆడుతుందో అందరూ చూసేవాళ్లు కదా అన్న అర్థంలో రాశాడు. ఆ మాట చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఓ కుర్రాడు తన కాలు విరిగిన తేదీ గురించి అలా ఆలోచించాల్సి రావడం ఏమిటి?

తర్వాత ఆరెంజ్ బౌల్‌లో, అంటే సీజన్ చివర జరిగే విడి ఆటల్లో ఒకదానిలో, జార్జియా చేతిలో ఫ్లోరిడా స్టేట్ 63–3తో ఓడింది. చూశారా, కమిటీదే కరెక్ట్ అని చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. ఆ ఆటకి ఫ్లోరిడా స్టేట్ తరఫున ఇరవై మందికి పైగా ఆటగాళ్లు దిగలేదు. టైటిల్ ఆశ పోయాక ప్రొఫెషనల్ లీగ్‌కి వెళ్లేవాళ్లు, వేరే కాలేజీకి మారేవాళ్లు తప్పుకున్నారు. ప్లేఆఫ్‌కి పిలిచి ఉంటే దిగే జట్టు అది కాదు.

సరిగ్గా దీనికి ఎదురు ఉదాహరణ 2014లో ఉంది. కమిటీకి అది మొదటి ఏడాది. ఒహాయో స్టేట్‌లో మొదటి క్వార్టర్‌బ్యాక్ సీజన్‌కి ముందే గాయపడ్డాడు. రెండోవాడు చివరి రెగ్యులర్ ఆటలో గాయపడ్డాడు. మూడోవాడు కార్డేల్ జోన్స్ మొట్టమొదటిసారి స్టార్ట్ చేసింది బిగ్ టెన్ ఫైనల్లో. 59–0తో విస్కాన్సిన్‌ను ఓడించి నాలుగో చోటు పట్టారు. తర్వాత అలబామాను 42–35తో, ఒరెగాన్‌ను 42–20తో ఓడించి టైటిల్ గెలిచారు. మూడో క్వార్టర్‌బ్యాక్‌తో ఇంతదూరం వెళ్తారని నవంబర్‌లో ఎవరైనా అనుకున్నారా? అందుకే జరగబోయేదాన్ని ఊహించి చోట్లు పంచడం నాకు ఇష్టం ఉండదు. ఊహ ఎటైనా తప్పవచ్చు. ఆడి గెలిచిన ఆట మాత్రం ఎప్పటికీ గెలిచినట్టే ఉంటుంది.

ఆ 2014లోనే ఇంకో జట్టు నష్టపోయింది. టీసీయూ, అంటే మన పక్క ఊరు ఫోర్ట్‌వర్త్ జట్టు, చివరికి ముందు ర్యాంకింగ్‌లో మూడో స్థానంలో ఉంది. చివరి ఆటలో అయోవా స్టేట్‌ను 55–3తో చిత్తు చేసి, ఆరో స్థానానికి పడిపోయింది. గెలిచి పడిపోవడం! కారణం ఏమిటంటే, బేలర్ వాళ్లని 61–58తో ఓడించింది, ఇద్దరి రికార్డూ ఒకటే, బిగ్ 12కి అప్పట్లో ఫైనల్ ఆట లేదు. బేలర్ మీద ఆ ఓటమి అక్టోబర్‌లో జరిగింది. అక్టోబర్ నుంచీ అందరికీ తెలిసిన ఫలితాన్ని డిసెంబర్‌లో కొత్తగా కనిపెట్టినట్టు వాడారు. ఈ సంగతి గుర్తుపెట్టుకో, 2025కి వచ్చేసరికి మళ్లీ ఇదే జరిగింది.

2024 నుంచి 12 జట్లు. 2025 సీజన్ దాకా అందులో ఐదు చోట్లు ర్యాంకింగ్‌లో ముందున్న ఐదుగురు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకి, మిగతా ఏడు కమిటీ ఎంపిక. వాదనలు తగ్గుతాయనుకున్నాం, కిందికి జరిగాయి, అంతే. నాలుగో చోటు మీద జరిగే గొడవ పదో చోటు మీదికి వచ్చింది. ఆ రెండు సీజన్లలో డబ్బు కూడా చిన్నది కాదు. 12లో చోటు దక్కితేనే ఆ జట్టు కాన్ఫరెన్స్‌కి 40 లక్షల డాలర్లు, క్వార్టర్ ఫైనల్‌కి చేరితే ఇంకో 40 లక్షలు, సెమీస్‌కి 60, ఫైనల్‌కి 60. కాన్ఫరెన్స్ లేని నోటర్ డేమ్ ఆ మొత్తం తనే ఉంచుకునేది. 2024లో ఫైనల్ దాకా వెళ్లి 2 కోట్ల డాలర్లు సంపాదించింది. 2025లో బయట ఆగిపోవడం ఎందుకంత బాధ పెట్టిందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

ఇక 2025కి వద్దాం. ముందు నోటర్ డేమ్, మయామి సంగతి, ఎందుకంటే నా దృష్టిలో ఇందులో సందేహమే లేదు. ఆగస్టు 31న మయామిలో రెండు జట్లూ ఆడాయి. మయామి 27–24తో గెలిచింది. నోటర్ డేమ్ తర్వాతి ఆటలో టెక్సస్ ఏ అండ్ ఎం చేతిలో 41–40తో, ఒక్క పాయింటుతో ఓడింది. ఆ తర్వాత వరుసగా 10 గెలిచింది. చాలా బలమైన జట్టు, చూస్తుంటే ముచ్చటేసేది. మయామి మధ్యలో లూయివిల్ చేతిలో, ఎస్‌ఎంయూ చేతిలో ఓడి, మిగతావన్నీ గెలిచింది. ఇద్దరూ 10–2. ఇద్దరూ కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడలేదు. ఇలా అన్నీ సమానమైనప్పుడు, ఒకరినొకరు ఎదుర్కొన్న ఆట ఫలితం కన్నా పెద్ద సాక్ష్యం ఏముంటుంది?

అయితే నోటర్ డేమ్ వాళ్ల ఆవేదనా అబద్ధం కాదు. నవంబర్ మొదట్లో వచ్చిన తొలి ర్యాంకింగ్‌లో నోటర్ డేమ్ 10, మయామి 18. అప్పటికీ ఇద్దరికీ రెండేసి ఓటములే. ఆగస్టు ఆట అప్పటికే అయిపోయింది. మరి ఎనిమిది స్థానాల తేడా ఎందుకు పెట్టారు? వారం వారం మయామిని కొంచెం కొంచెం పైకి జరిపారు. చివరికి ముందు వారం అలబామా 9, నోటర్ డేమ్ 10, బీవైయూ 11, మయామి 12. బీవైయూ బిగ్ 12 ఫైనల్లో టెక్సస్ టెక్ చేతిలో 34–7తో ఓడి కిందికి జారింది. అప్పుడు నోటర్ డేమ్, మయామి పక్కపక్కకి వచ్చాయి. పక్కపక్కన వచ్చాకే రెంటినీ ఎదురెదురుగా పెట్టి చూశామని, అప్పుడు ఆగస్టు ఆట తేల్చిందని కమిటీ చెప్పింది. వాళ్ల పద్ధతి ప్రకారం ఆ మాట సరే. కానీ నెలరోజుల పాటు లోపల ఉన్నట్టు చూపించి, ఆట లేని వారాంతంలో బయటికి తీయడం ఆ పిల్లలకు ఎలా ఉంటుందో ఆలోచించు. నోటర్ డేమ్ వేరే బౌల్ ఆటకి పిలుపు వచ్చినా వద్దంది.

నా జవాబు: ఫలితం సరైనది, అది మొదటి మంగళవారమే రావాల్సింది. మయామి తర్వాత ఏ అండ్ ఎంను వాళ్ల మైదానంలోనే 10–3తో, ఒహాయో స్టేట్‌ను 24–14తో ఓడించి, ఫైనల్లో ఇండియానా చేతిలో 27–21తో ఓడింది. దీన్ని నేను రుజువుగా వాడుకోను. 63–3 ఫ్లోరిడా స్టేట్‌కి వ్యతిరేకంగా రుజువు కాదన్నప్పుడు ఇదీ రుజువు కాకూడదు. మయామి ఫైనల్‌కి చేరకపోయినా ఆ చోటు దానిదే.

అలబామా దగ్గరికి వస్తే నాకూ అంత గట్టి నమ్మకం లేదు. మొదటి ఆటలో ఫ్లోరిడా స్టేట్ చేతిలో 31–17తో ఓడారు. ఆ ఫ్లోరిడా స్టేట్ చివరికి 5 గెలిచి 7 ఓడింది, అంటే అది చాలా చెడ్డ ఓటమి. తర్వాత సొంత మైదానంలో ఓక్లహోమా చేతిలో 23–21. ఎస్‌ఈసీ ఫైనల్లో జార్జియా చేతిలో 28–7, అదీ ఆట మొత్తం తేలిపోయి. అయినా తొమ్మిదో స్థానం నుంచి ఒక్క మెట్టు దిగలేదు. అదే రోజు ఫైనల్లో ఓడిన బీవైయూ దిగింది. ఒకేలాంటి ఓటమికి ఒకరిని దించి ఇంకొకరిని ఉంచడం నాకు నచ్చలేదు. కమిటీ దీనికి చెప్పిన కారణాలు నాకు చాల్లేదు.

కానీ నువ్వు అడిగిన ప్రశ్న, 3 ఓటములున్న జట్టు 2 ఓటములున్న జట్టు కన్నా ముందు ఎలా ఉంటుందని. ఇక్కడ అంకెల్ని పక్కనపెట్టి ఎవరి మీద గెలిచారో చూడాలి. అలబామా ఏథెన్స్ వెళ్లి జార్జియాను 24–21తో ఓడించింది. ఆ సీజన్‌లో జార్జియా ఎస్‌ఈసీ ఛాంపియన్, ప్లేఆఫ్‌లో మూడో సీడ్. అలాంటి గెలుపు నోటర్ డేమ్ దగ్గర లేదు. వాళ్లకున్న మంచి గెలుపు సదరన్ కాలిఫోర్నియా మీద 34–24. ప్లేఆఫ్‌కి వెళ్లిన రెండు జట్లతో ఆడి రెండూ ఓడారు. పైగా అలబామా మూడో ఓటమి అదనపు ఆటలో వచ్చింది. నోటర్ డేమ్ ఆ రోజు ఇంట్లో కూర్చుంది. ఫైనల్‌కి అర్హత సంపాదించి ఆడినందుకు శిక్ష వేస్తే, రేపు ప్రతి కాన్ఫరెన్స్‌లోనూ రెండో జట్టు ఫైనల్ ఆడకపోతేనే మేలు అనుకుంటుంది. 2024లో ఎస్‌ఎంయూ విషయంలో ఇదే సూత్రం పాటించారు. ఏసీసీ ఫైనల్లో క్లెమ్సన్ చేతిలో చివరి క్షణంలో 56 గజాల ఫీల్డ్ గోల్‌తో 34–31తో ఓడినా ఎస్‌ఎంయూని లోపలే ఉంచారు. అప్పుడు 9–3తో ఉండి బయట ఆగిపోయింది అలబామానే. 2024లో ఎస్‌ఎంయూకి మద్దతుగా వాదించిన నేను, 2025లో అలబామాకి అదే సూత్రం వర్తించదని అనలేను.

నన్ను ఓటు వేయమంటే మయామిని 9లో, అలబామాను 10లో, నోటర్ డేమ్‌ను 11లో పెట్టేవాడిని. బీవైయూ 12. మొదటి రెండింటికే చోటు. ఈ 10, 11 మధ్య తేడా వెంట్రుకవాసి. నోటర్ డేమ్‌ను పెట్టాలని ఎవరైనా వాదిస్తే విని గౌరవిస్తాను. మయామి కన్నా ముందు పెట్టాలంటే మాత్రం ఒప్పుకోను.

నోటర్ డేమ్ 11లో ఉన్నా చోటు ఎందుకు రాలేదని కూడా నువ్వు అడగొచ్చు. ఐదు ఛాంపియన్ల చోట్లలో రెండు, ర్యాంకింగ్‌లో 12 బయట ఉన్న టులేన్, జేమ్స్ మాడిసన్‌లకు వెళ్లాయి. ఏసీసీలో టై నిబంధనల లెక్కలో మయామికి దక్కని ఫైనల్ అవకాశం డ్యూక్‌కి దక్కింది. డ్యూక్ గెలిచి ఛాంపియన్ అయ్యింది గానీ అప్పటికే 5 ఓటములు, ర్యాంకింగ్‌లోనే లేదు. అందుకని ఐదో ఛాంపియన్ చోటు 12–1తో ఉన్న జేమ్స్ మాడిసన్‌కి వచ్చింది. వాళ్లు మొదటి రౌండ్‌లో ఒరెగాన్ మీద 51–34తో, టులేన్ ఓల్ మిస్ మీద 41–10తో ఓడిపోయాక, చిన్న కాన్ఫరెన్స్‌లకు ఈ చోట్లు ఎందుకని చాలామంది మొదలుపెట్టారు. ఇక్కడ నేను చాలా గట్టిగా ఉన్నాను. 2017లో సెంట్రల్ ఫ్లోరిడా 12 ఆటలూ గెలిచినా కమిటీ 12వ స్థానంలో పెట్టింది. ఆ ఏడాది ఫైనల్ ఆడిన అలబామా, జార్జియా రెండింటినీ ఓడించిన ఆబర్న్‌ను వాళ్లు పీచ్ బౌల్‌లో 34–27తో ఓడించి 13–0తో ముగించారు. వాళ్లకి ప్లేఆఫ్ దారే లేదు. 2004లో ఆబర్న్‌కి, అంటే పెద్ద కాన్ఫరెన్స్ జట్టుకే, ఒక్క ఓటమీ లేకపోయినా ఫైనల్ దక్కలేదు. నేను చూసిన మొదటి సీజన్, 2003లో, జర్నలిస్టులు, కోచ్‌లు ఓట్లేసే రెండు పోల్స్‌లోనూ నంబర్ వన్‌గా ఉన్న సదరన్ కాలిఫోర్నియాను కంప్యూటర్ లెక్కలు ఫైనల్‌కి రానివ్వలేదు. ఎల్‌ఎస్‌యూ, ఓక్లహోమా ఆడాయి, చివరికి ఆ ఏడాది ఇద్దరు ఛాంపియన్లు. గదిలో కూర్చునేవాళ్లకీ లెక్కలేసే యంత్రాలకీ పూర్తిగా వదిలేస్తే ఏమవుతుందో ఇవన్నీ చూశాం. గెలిస్తే చాలు, ఎవరి దయా అక్కర్లేదు అన్న చోట్లు కొన్నయినా ఉండాలి.

అందుకే నార్త్ టెక్సస్ విషయంలో నీకు నచ్చని జవాబు చెప్పాల్సి వస్తోంది. మనకి అన్యాయం జరగలేదు. అక్టోబర్‌లో సౌత్ ఫ్లోరిడా మీద 63–36తో ఓడాం. మిగతా 11 గెలిచి, అమెరికన్ కాన్ఫరెన్స్ ఫైనల్‌కి న్యూ ఆర్లీన్స్ వెళ్లాం. అక్కడ గెలిస్తే ప్లేఆఫ్ చోటు దాదాపు చేతికి వచ్చినట్టే. టులేన్ 34–21తో గెలిచింది, వాళ్లు వెళ్లారు. అలబామాకి దొరికిన రెండో అవకాశం మనకి ఎందుకు లేదంటే, మన 11 గెలుపుల్లో జార్జియా లాంటి జట్టు ఒక్కటీ లేదు. అలాంటి జట్లు చిన్న కాన్ఫరెన్స్ వాళ్లతో ఆడటానికి ఒప్పుకోవడమూ తక్కువే, అందులో మన తప్పు లేదన్నదీ నిజమే. ఆ శుక్రవారం రాత్రి ఇర్వింగ్‌లో మా ఇంట్లో పాత డెంటన్ బ్యాచ్ తొమ్మిది మందిమి కూర్చుని చూశాం. 22 ఏళ్లలో మా జట్టు ఆడిన అతి పెద్ద ఆట అది. ఆట అయ్యాక చాలాసేపు ఎవరం టీవీ ఆపలేదు. వచ్చే సీజన్‌లో మొదటి హోమ్ గేమ్‌కి నేను డెంటన్ వస్తాను, నీ స్నేహితుల్ని కూడా తీసుకురా. విద్యార్థుల స్టాండ్ పక్కనే కూర్చుందాం, ఆట చూస్తూ మిగతా సందేహాలు మాట్లాడుకుందాం.